బనీనుతో స్నానం

బహ్రెయిన్‌లో ఎండాకాలం కుళాయి తిప్పితే వచ్చేవి మామూలు నీళ్ళు కావు, మిద్దె మీది ట్యాంకులో పొద్దంతా ఉడికిన నీళ్ళు. తెలిసినవాళ్ళు గీజరు స్విచ్చి కట్టేసి, ఇంటి నీడన అందులో చల్లారిన నీళ్ళనే చన్నీళ్ళుగా వాడుకునేవాళ్ళు. మా క్యాంపులో గీజరెక్కడిది? సాయంత్రమే డ్రమ్ములు నింపి షెడ్డు కింద పెట్టుకుని, పొద్దున ఆ నీళ్ళతో స్నానం చేసేవాళ్ళం. వరసగా డ్రమ్ములు, వాటి పక్కన లుంగీలు కట్టుకుని, మగ్గులు పట్టుకున్న మనుషులు. అందరిలో ఒక్కడే బనీను విప్పకుండా స్నానం చేసేవాడు. వాణ్ణి నేనే.

మా గదికి కొత్తగా వచ్చిన గోదావరి జిల్లా కుర్రాడొకడు నన్ను వదిలేవాడు కాదు. శుక్రవారం ప్రార్థనకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళే భక్తిపరుడు, మిగతా ఆరు రోజులూ నా మీద పడి ఏడిపించేవాడు.

"ఏంటన్నా, సబ్బు ఒంటికా, బనీనుకా?"

"నీ సబ్బు నువ్వు జూస్కో తమ్మీ" అని కసిరేవాణ్ణి. ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీదే ఉండేది.

బనీను ఎందుకు విప్పేవాణ్ణి కాదో చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి. మాది సముద్రపు నీళ్ళను కాచి మంచినీళ్ళు చేసే ప్లాంటు. జగిత్యాల వైపు నుంచి ఫిట్టరుగా వచ్చాను. మా ఊళ్ళోవాళ్ళ లెక్కలో నేను దుబాయిలో ఉన్నాను. బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా "అదే, దుబాయే గద" అనేవాళ్ళు. పనిలో ఒక పద్ధతి ఉండేది. ఆవిరి పైపు తెరిచే ముందు దాని అడుగున ఉన్న చిన్న కుళాయి తిప్పి, లోపల చల్లబడి నిలిచిన నీళ్ళను బయటికి పోనివ్వాలి. ఆ తర్వాత పెద్ద వాల్వును కొంచెం కొంచెంగా తిప్పాలి. నీళ్ళుండగానే ఆవిరి వదిలితే ఆ నీళ్ళే సుత్తిదెబ్బలా తగిలి జాయింటు పగులుతుంది. ఇది నాకు బాగా తెలుసు. తెలిసి కూడా ఒక గురువారం, డ్యూటీ దిగే తొందరలో, చిన్న కుళాయి ముట్టుకోకుండానే పెద్ద వాల్వు ఒక్క ఊపున తిప్పేశాను. పైపు లోపల దడదడమని చప్పుడు. వెనక్కి తిరిగి పరుగెత్తాను కాబట్టి మొహం దక్కింది. వీపు కాలింది.

ఆసుపత్రిలో చాలా వారాలు బోర్లా పడుకున్నాను. జాయింటు మధ్య బిగించే గ్యాస్కెట్ పాతబడి పగిలిందని కాగితాల్లో రాసుకున్నారు. నేను కాదనలేదు. పుండు మానింది గానీ ఆవిరి సుయ్‌మన్న చప్పుడు వింటే చాలు, నాలుగడుగులు వెనక్కి వేసేవాణ్ణి. గోరువెచ్చని నీళ్ళు వీపున పడితే కూడా ఒళ్ళు జలదరించేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆవిరి మీద నడిచే ప్లాంటులో ఆవిరి ముట్టని ఫిట్టరెందుకు? ఖలాస్, టికెట్ చేతిలో పెట్టి పంపించేస్తారు. అందుకే వీపు దాచాను, భయాన్ని కూడా దాచాను.

కొన్నాళ్ళు తేలిక పని ఇమ్మని డాక్టరు రాసిస్తే నన్ను సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. సరిగ్గా అప్పుడే జపాన్‌వాళ్ళు మా ప్లాంటులో కొత్త యూనిట్ కట్టడం మొదలుపెట్టారు. పెట్టెలు గుట్టలుగా దిగాయి. వాటి మీద పిల్లలు పుల్లలతో ఆడుకుని వదిలేసినట్టున్న రాతలు. ఏ పెట్టెలో ఏముందో ఎవరికీ అంతుబట్టేది కాదు. వాళ్ళ ఇంజనీర్లలో అందరికంటే పెద్దాయన, నెరిసిన జుట్టు, సన్నటి మనిషి, ప్రతిసారీ తనే వచ్చి వెతుక్కునేవాడు. ఒకరోజు ఒక అక్షరం చూపించి ఇదేమిటని అడిగాను. ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి అట్టపెట్టె మీద పెద్దగా రాసి చూపించాడు. అదే నా మొదటి పాఠం.

నేను ఆ భాష ఎందుకంత మొండిగా నేర్చుకున్నానో నిజం చెప్పనా? చదువు మీద మోజుతో కాదు. పెట్టెలు చదవగలిగినవాడు సామాన్ల గదిలోనే ఉంటాడు, స్టీమ్ లైను దగ్గరికి వెళ్ళక్కర్లేదు. ఆ ఆశతో రాత్రీ పగలూ రుద్దాను. ఆరు నెలల్లో బోల్టు నుంచి బాయిలరు దాకా చదివేశాను. ఆయన్ని సెన్సేయ్ అని పిలిచేవాణ్ణి, వాళ్ళ భాషలో అంటే పంతులుగారని. శుక్రవారాల్లో ఆయన నన్ను అరాద్ ఒడ్డుకు తీసుకెళ్ళి, గాలికి కూర్చోబెట్టి మాట్లాడించేవాడు. ఒకసారి వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరి, ఈ ఉప్పు సముద్రం అడుగున అక్కడక్కడ తియ్యటి ఊటలున్నాయనీ, పూర్వం మనుషులు తోలుసంచులతో మునిగి ఆ నీళ్ళు పట్టి తెచ్చేవారనీ చెప్పాడు. అది నిజమేనా అని సెన్సేయ్ నా వచ్చీరాని అరబ్బీలో మూడుసార్లు అడిగించాడు. తర్వాత సముద్రంకేసి చూస్తూ, "మీ ఎండ కింద చన్నీళ్ళు, మా మంచు కింద వేణ్ణీళ్ళు. నేల ఎవరికి ఏం కావాలో చూసి పెట్టినట్టుంది" అన్నాడు. ఆయన పుట్టిన ఊళ్ళో వేడి ఊటలుంటాయని నాకు అప్పుడే తెలిసింది.

ఇక్కడే నా తెలివి నన్ను ముంచింది. యూనిట్ పూర్తి కావచ్చింది. నడపడానికి మా వాళ్ళలో ఒకరిని జపాన్ పంపి ఆరు వారాలు శిక్షణ ఇవ్వాలన్నారు. భాష వచ్చినవాడు ఒక్కడే ఉన్నాడు. సెన్సేయ్ నా పేరు రాసి, చల్లగా అన్నాడు: "తిరిగొచ్చాక కొత్త యూనిట్‌కి మొదటి ఆవిరి నువ్వే వదలాలి." నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిరి నుంచి పారిపోదామని నేర్చుకున్న భాష నన్ను తీసుకెళ్ళి ఆవిరి ముందే నిలబెట్టింది. వద్దంటే ఎందుకని అడుగుతారు. చెప్పానా, ఖలాస్.

గదిలోవాళ్ళు మాత్రం పండగ చేసుకున్నారు. "జపానంటే ఇంకో దుబాయి అనుకో" అని మా జిల్లావాడొకడు ఇంటికి ఉత్తరం కూడా రాశాడట. నేను ముహర్రక్‌లో విమానం ఎక్కుతుంటే సెన్సేయ్ ఒక కవరిచ్చాడు. కొత్త సంవత్సరానికి ఫ్యాక్టరీ, హాస్టలు మూసేస్తారు, ఆ నాలుగు రోజులు మా అన్నయ్య ఇంట్లో ఉండు, ఇది ఆయనకివ్వు అన్నాడు. లోపలి ఉత్తరం నాకు చూపించే ఇచ్చాడు. గొలుసుకట్టు రాత, నాకు రాని అక్షరాలు. నాకు అన్నం పెట్టమని రాసి ఉంటాడనుకున్నాను.

ఫ్యాక్టరీ సంగతులు వదిలేస్తాను. అక్కడ వాల్వులు చల్లగా, బల్లల మీద ముక్కలుగా ఉండేవి, వాటికి నేను భయపడలేదు. ఆ నాలుగు రోజులే చెప్పాలి.

రైలు దిగేసరికి పొద్దు పొడుస్తోంది. కొండ కొమ్మున మంచు. కొండ కింద ఊరు. ఆ ఊరు చూసి నోరెళ్ళబెట్టాను. ఇంటింటి వెనకనుంచీ తెల్లటి ఆవిరి పైకి లేస్తోంది. ఊరు ఊరంతా ఒకేసారి పెళ్ళివంట మొదలుపెట్టినట్టుంది. రోడ్డు పక్క మోరీల జాలీల్లోంచి ఆవిరి. గోడల పగుళ్ళలోంచి ఆవిరి. అగ్గిపుల్ల గీసినప్పటి వాసన. బడికి సెలవులేమో, పిల్లలు ఆ జాలీల మీద నిలబడి కాళ్ళు కాచుకుంటూ కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒక పిల్లి హాయిగా మోరీ మూత మీద నిద్రపోతోంది. మేం బహ్రెయిన్‌లో నూనె మండించి, రాత్రింబవళ్ళు కాపలా కాసి, కొలిచి కొలిచి పుట్టించే ఆవిరి, ఇక్కడ ఎవరూ అడక్కుండా, ఎవరికీ జీతమివ్వకుండా నేలలోంచి వస్తోంది. భయం సంగతి ఒక్క నిమిషం మరిచిపోయాను. చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఎవరికని అడిగితే చెప్పలేను, ఆ నేలకే అనుకుంటాను.

మరుక్షణం ఒక జాలీ సుయ్‌మంది. నేను సంచీతో సహా రోడ్డు మధ్యకి గెంతాను. పిల్లి కళ్ళు తెరిచి చూసి మళ్ళీ పడుకుంది.

సెన్సేయ్ అన్నయ్య చిన్న స్నానాల ఇల్లు నడిపేవాడు. తమ్ముడిలాగే సన్నటి మనిషి, ఇంకొంచెం వంగిపోయాడు. ఉత్తరం అక్కడే నిలబడి రెండుసార్లు చదివాడు. మడిచి గూట్లో పెట్టాడు. "ప్రయాణం చేసి వచ్చావు, ముందు స్నానం" అన్నాడు.

నేను మా క్యాంపు పద్ధతిలోనే తయారయ్యాను. లుంగీ, బనీను, భుజాన తువ్వాలు, చేతిలో సబ్బు. తలుపు తోసి లోపలికి వెళ్ళేసరికి పెద్ద రాతి తొట్టి, అందులో మెడదాకా మునిగి నలుగురైదుగురు ముసలివాళ్ళు. ఒంటి మీద నూలుపోగు లేదు. నాకు తల కొట్టేసినంత పనైంది. సరే, కళ్ళు దించుకుని నా పని నేను చేసుకుందామని తొట్టి గట్టు మీద కూర్చుని, పక్కనున్న చెక్క బకెట్టుతో తొట్టిలో నీళ్ళు ముంచి, కాళ్ళ మీద మాత్రం పోసుకుని, సబ్బు రుద్దడం మొదలుపెట్టాను. పదిమంది కూర్చున్న నీళ్ళలో మనం కూర్చోవడమేమిటి, ముంచుకుని పోసుకుంటేనే కదా స్నానం? నురగ జారి తొట్టిలోకి పోయింది. ముసలివాళ్ళు ఒక్కొక్కరే ఆ మూలనుంచి ఈ మూలకి జరిగారు. ఎవరూ ఒక్క మాటనలేదు. ఆ మర్యాదకే నేను ఎక్కువ సిగ్గుపడ్డాను.

పెద్దాయన వచ్చాడు. కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని గోడవారన కుళాయిల దగ్గర చిన్న పీట మీద కూర్చోబెట్టి, సబ్బు, రుద్దుకోవడం అన్నీ ఇక్కడ, మురికి వదిలించుకున్నాకే ఆ నీళ్ళలోకి, అక్కడ ఊరికే కూర్చోవడమే అని చెప్పాడు. నేను మురికివనుకున్న ఆ నీళ్ళు నాకంటే శుభ్రమైనవాళ్ళవని అప్పుడర్థమైంది. తర్వాత నా బనీను అంచు పట్టుకుని, "ఇది కూడా" అన్నాడు.

నేను కదల్లేదు.

ఆయన కూడా కదల్లేదు. నా వెనక పీట వేసుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి తర్వాత నా వీపు నేను కూడా అద్దంలో చూసుకోలేదు. తొట్టిలోని ముసలివాళ్ళు కిటికీవైపు తిరిగి మంచుకొండ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. బనీను, లుంగీ తీశాను. మొలతాడు మాత్రం ఉంచుకున్నాను, దానికి ఆయనేమీ అభ్యంతరం చెప్పలేదు.

ఆయన చిన్న గుడ్డకి సబ్బు పెట్టి నా వీపు రుద్దాడు. ఉలిక్కిపడి లేవబోయాను. "మీరు పెద్దవాళ్ళు, మీరు నాకు రుద్దకూడదు" అని వచ్చిన నాలుగు మాటల్లో అన్నాను. "ఈ ఇంటికి వచ్చినవాళ్ళకి ఇంటాయన వీపు రుద్దుతాడు. అది మా మర్యాద. కూర్చో" అన్నాడు. కూర్చున్నాను. మెడ నుంచి నడుం దాకా, తొందర లేకుండా, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా తప్పించకుండా రుద్దాడు. చిన్నప్పుడు ఆదివారం పూట మా అమ్మ బావి దగ్గర కూర్చోబెట్టి "ఆగురా, మట్టి వోలె" అని వీపు తోమేది. అప్పటి తర్వాత నా వీపు మీద మనిషి చెయ్యి పడటం అదే. డాక్టర్ల చేతులు లెక్కలోకి రావు. నాకు ఏడుపొచ్చింది. ఆయన బకెట్టెత్తి నీళ్ళు పోశాడు. గోరువెచ్చగా ఉన్నాయి. ఒళ్ళంతా బిగబట్టాను. వెంటనే లేచి, ఒంటి మీద ఏమీ లేదన్న సంగతి మరిచిపోయి, వంగి ఆయన కాళ్ళకు మొక్కాను. తొట్టిలోవాళ్ళు ఇక ఆపుకోలేక నవ్వేశారు. పెద్దాయన కూడా కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. చివరికి నేనూ నవ్వాను.

ఆ రోజు నేను తొట్టిలోకి దిగలేదు. కాళ్ళు పెట్టి కూర్చున్నాను, అంతే.

మర్నాడు పొద్దున పెద్దాయన భార్య నన్ను ఇంటి వెనక్కి పిలిచింది. అక్కడ రాళ్ళతో కట్టిన పొయ్యి, దాని మీద చెక్కమూత. నిప్పు లేదు. నేలలోంచి వచ్చే ఆవిరికి ఒక గొట్టం, గొట్టానికి ఒక చిన్న కుళాయి. గంపలో గెనుసుగడ్డలు, గుడ్లు, క్యాబేజీ. ఆమె పొయ్యికి ఎదురుగా నిలబడలేదు, పక్కగా నిలబడింది. కొంచెం వంగి, "షిత్సురేయ్ షిమాసు" అంది. ఎవరింట్లోకైనా వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర వాళ్ళు చెప్పే మాట అది. మీకు అడ్డొస్తున్నాను, ఏమనుకోకండి అని. తర్వాత కుళాయి రవ్వంత తిప్పింది. లోపల నిలిచిన నీళ్ళు గుడగుడమని బయటికి పోయాయి. ఆగింది. ఇంకొంచెం తిప్పింది. మళ్ళీ ఆగింది. ఆవిరి శుభ్రంగా, చప్పుడు లేకుండా పైకి లేచాక గంప లోపల పెట్టింది.

నేను చెట్టంత మనిషిని అక్కడే నిలబడిపోయాను. బహ్రెయిన్‌లో సెన్సేయ్ ప్రతి వాల్వు ముందూ వంగి గొణిగే మాట అదే. మేమంతా వెనక నవ్వుకునేవాళ్ళం, ముసలాయన ఇనుముతో మాట్లాడుతున్నాడని. ఫిట్టరుగా నాకు నేర్పిన పద్ధతి, నేను తొందరలో ఎగ్గొట్టిన పద్ధతి, ఈమె గెనుసుగడ్డల కోసం రోజూ చేస్తోంది. ఆవిరి నా మీద పగబట్టిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నేనే గుమ్మంలో ఆగకుండా లోపలికి దూసుకెళ్ళాను.

ఆమెతో అన్నాను, ఆ మాట మొదటిసారి పైకి అన్నాను: "గ్యాస్కెట్ కాదు. నేనే నీళ్ళు వదల్లేదు." ఆమెకి గ్యాస్కెట్ ఏమిటో తెలియదు. తల ఊపి, కుళాయి నా వైపు చూపించి, "రేపు నువ్వు తిప్పుతావా?" అంది.

మర్నాడు తిప్పలేదు. ఆ తర్వాతి రోజు కుళాయి మీద చెయ్యి పెట్టి తీసేశాను. "తొందరేముంది? ఆవిరి ఎక్కడికీ పోదు. మా మామగారి రోజుల నుంచీ ఇక్కడే ఉంది" అందామె. ఆ గెనుసుగడ్డల రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. చివరి రోజు సాయంత్రం మాత్రం పెద్దాయన రోజూలాగే వీపు రుద్దాక, ఆ తొట్టిలోకి మెడదాకా దిగాను. కిటికీలోంచి మంచుకొండ. చుట్టూ ఆ ముసలివాళ్ళు. వేల అడుగుల లోతునుంచి, ఎవరి చెయ్యీ పడకుండా కాగి వచ్చిన నీళ్ళు నా వీపును తాకుతున్నాయి. నొప్పి లేదు. నమ్మబుద్ధి కాలేదు, మళ్ళీ మళ్ళీ కదిలి చూసుకున్నాను.

బయల్దేరేటప్పుడు పెద్దాయన తమ్ముడి ఉత్తరం గూట్లోంచి తీసి, దాని వెనక ఏదో రాసి, కవరు అంటించి నాకిచ్చాడు. విప్పకుండా తెచ్చి సెన్సేయ్ చేతికిచ్చాను.

బహ్రెయిన్‌లో దిగాక భయం మళ్ళీ పట్టుకుంది. ప్లాంటు గేటు దాటి ఆ చప్పుడు వినేసరికి చుట్టు తిరిగి సామాన్ల గది దారి పట్టాను. మర్నాడే బనీనుతో స్నానం, మళ్ళీ కుర్రాడి వేళాకోళం. కొత్త యూనిట్‌కి మొదటి ఆవిరి వదిలే రోజొచ్చింది. మేనేజర్లు, మాకు వీసాలిచ్చిన కఫీల్ మనుషులు, మా వాళ్ళు అందరూ పోగయ్యారు. నేను సామాన్ల గదిలో అట్టపెట్టెల మధ్య కూర్చున్నాను. ఇక చెప్పేద్దాం, టికెట్ ఇస్తే తీసుకుందాం అని నిర్ణయించుకున్నాను కూడా.

సెన్సేయ్ వచ్చాడు. చేతిలో ఆ కవరు. "నాకు తెలియని సంగతి ఇందులో ఏమీ లేదు. ఇది నీకు" అన్నాడు.

"ముందువైపు నాకు చదవడం రాదు" అన్నాను.

ఆయనే చదివాడు. "ఇతను మంచి పనివాడు. ఇతని వీపు కాలింది. రెండేళ్ళుగా ఎవరికీ చూపించడం లేదు. నేనడిగితే ఉద్యోగం పోతుందని భయపడతాడు. నువ్వు అడక్కు. రుద్దు."

వెనక తిప్పి నా చేతిలో పెట్టాడు. అక్కడ పెద్దాయన రాత. మొదటి తరగతి పిల్లలకి రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు, విడివిడిగా, నాకొచ్చిన అక్షరాలే. అట్టపెట్టెల మీద నేర్చుకున్నవే. వేలు పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివాను.

"నాలుగు రోజులు రుద్దాను. వీపు మానిపోయింది. అతనికే ఇంకా తెలియలేదు."

ఇంకోసారి చదివాను. సెన్సేయ్ గోడకేసి చూస్తున్నాడు. ఆయన తలుపు తీసి, ఇన్నేళ్ళలో మా దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క మాట అన్నాడు: "యల్లా." ఇక పద అని.

పెద్ద వాల్వు ముందు పక్కగా నిలబడ్డాను. కొంచెం వంగి, "షిత్సురేయ్ షిమాసు" అన్నాను. వెనకనుంచి మా జిల్లావాడు "ఎవలతోని మాట్లాడ్తున్నడే?" అని గుసగుసలాడాడు. అడుగున చిన్న కుళాయి తిప్పాను. నీళ్ళు గుడగుడమని పోయాయి. ఆగాను. పెద్ద వాల్వు పావు వంతు తిప్పాను. ఆగాను. ఇంకో పావు. పైపు మెల్లగా వేడెక్కి, లోపల చప్పుడు సన్నగా, ఒకే తీరుగా సాగింది. దడదడ లేదు. ఎవరింట్లోకో అనుమతి తీసుకుని అడుగుపెట్టినట్టే ఉంది. అందరూ చప్పట్లు కొట్టాక నాకు తెలిసింది, వాల్వు పూర్తిగా తెరిచానని. ఆ తర్వాత రోజే వెళ్ళి, పాత ప్రమాదంలో తప్పు గ్యాస్కెట్‌ది కాదని సూపర్‌వైజరుకి చెప్పేశాను. తిట్టాడు గానీ పంపించలేదు.

ఆవిరి వదిలిన సాయంత్రం డ్రమ్ము దగ్గరికి స్నానానికి వెళ్ళాను. ఇంకా ఎండ ఉంది. పక్క డ్రమ్ము దగ్గర మా కుర్రాడు తలకి సబ్బు రాసుకుంటున్నాడు. బనీను విప్పి తీగ మీద వేశాను. వాడు కళ్ళలో నురగతోనే చూశాడు. వేళాకోళం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"తమ్మీ, జర వీపు రుద్దరా."

వాడు సబ్బు తీసుకుని నా వెనక్కి వచ్చాడు. తర్వాత పసిపిల్లాణ్ణి ముట్టుకున్నట్టు వేళ్ళ కొసలతో తాకాడు.

"నొప్పేమైనా ఉందా అన్నా?"

"లే. గట్టిగ రుద్దు."